నేలకొరిగిన సైనికులు, శత్రువు మాట – ధమ్మం చూపే దారి



ధమ్మ బంధువులారా,

ప్రతి ఏటా జనవరి 1న మనవాళ్ళు లక్షల్లో భీమా కోరేగావ్ వెళ్తారు. అంత దూరం పోలేనివాళ్ళు విహారంలోనో, ఊరి బాబాసాహెబ్ విగ్రహం దగ్గరో ఆ స్తంభం ఫోటో పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ రోజు జరిగే సభల్లో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. “ప్రాణం తీయను అని మొదటి శీలం తీసుకున్నాం కదా, మరి యుద్ధంలో చంపి, చచ్చినవాళ్ళకి దండం ఎలా పెడతాం?” అని. అడిగేది ఎక్కువగా కాలేజీ పిల్లలు. పెద్దవాళ్ళు వాళ్ళని కసిరి కూర్చోబెడతారు. కసరవద్దు. చాలా మంచి ప్రశ్న అది. దాన్ని సరిగ్గా పట్టుకుంటే దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. మనవాళ్ళని చంపినవాడు, చంపించినవాడు మన గడప దాకా వచ్చి “నేనూ మాట్లాడతాను, వినండి” అంటే ఏం చెయ్యాలి?

ముందు మొదటిది చూద్దాం.

సంయుత్త నికాయంలో యోధాజీవ సుత్తం ఉంది. యోధుల నాయకుడొకడు బుద్ధుని దగ్గరికి వచ్చి అడుగుతాడు: “మా పాత గురువులు, యుద్ధంలో ప్రాణాలొడ్డి పోరాడి చచ్చినవాడు దేవలోకానికి పోతాడని చెబుతారు. మీరేమంటారు?” బుద్ధుడు “వద్దు, అది అడగకు” అన్నాడు. రెండోసారి అడిగినా అదే జవాబు. మూడోసారి అడిగితే అప్పుడు చెప్పాడు. ఎదుటివాళ్ళు నరకబడాలి, నాశనం కావాలి అనే తలంపుతో ఉన్న మనసు ఆ క్షణంలో కిందికి దిగిపోయి ఉంటుంది, అలాంటి మనసుకి స్వర్గం దొరకదు, దొరుకుతుందని నమ్మడం తప్పుడు దృష్టి అని. విన్నవాడు ఏడ్చాడు. బుద్ధుడన్న మాటకి కాదు, ఇన్నాళ్ళూ తనని మోసం చేసిన పాత మాటలకి ఏడ్చాడు.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి అందరికీ కనిపిస్తుంది: చచ్చిన సైనికుడికి స్వర్గం జీతంగా ముట్టదు. చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం అని ఆశ చూపి కుర్రాళ్ళని యుద్ధానికి తోలే సిద్ధాంతం ధమ్మంలో లేదు. రెండోది చాలామంది దాటేసి పోతారు. బుద్ధుడు ఈ మాట చెప్పడానికి రెండుసార్లు వెనకాడాడు. నిజమే అయినా, కొడుకు శవం ఇంటిముందు ఉన్నప్పుడు తల్లి దగ్గరికి పోయి చెప్పే నిజం కాదది. సమ్మా వాచా అంటే నిజం ఒక్కటే కాదు, సమయం కూడా.

మరి సైనికుణ్ణి ధమ్మం వెలివేసిందా? లేదు. వైశాలిలో సింహ సేనాపతి బుద్ధుని ఉపాసకుడయ్యాడు. కత్తి పారేసి రా, అప్పుడే చేర్చుకుంటాను అని బుద్ధుడు షరతు పెట్టినట్టు సుత్తంలో ఎక్కడా లేదు. పైగా, నీలాంటి పేరున్నవాడు తొందరపడకుండా బాగా ఆలోచించుకోవడం మంచిది అన్నాడు. అంతకుముందు సింహుడు నిగంఠుల శిష్యుడు. ఇన్నాళ్ళూ వాళ్ళకి పెడుతున్న భిక్ష ఆపవద్దని కూడా చెప్పాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇప్పుడు కోరేగావ్. 1818 జనవరి 1న భీమా నది ఒడ్డున, పీష్వా రెండో బాజీరావు పెద్ద సైన్యాన్ని ఈస్టిండియా కంపెనీ తరఫున సుమారు 800 మంది ఎదుర్కొన్నారు. వాళ్ళలో మహార్ సైనికులు చాలామంది. అక్కడి స్తంభం మీద నేలకొరిగిన మహార్ల పేర్లు 22 ఉన్నాయి. ఇది కంపెనీ యుద్ధం, కంపెనీ తన గొప్ప కోసం కట్టుకున్న స్తంభం. అది మనం దాచిపెట్టనక్కరలేదు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్ళింది ఇంగ్లీషువాళ్ళ జెండాకి వందనం చెయ్యడానికి కాదు. పీష్వాల రాజ్యంలో నీడ పడితే మైల అన్న మనిషి పేరు, రాతి మీద అక్షరాలుగా నిలిచింది. ఆ అక్షరాలు చూపించడానికి వెళ్ళారు.

ఇంకో మాట. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్‌పాల్ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. తల్లి వైపువాళ్ళూ సైనికులే. మన ఉద్యమానికి మొదటి చదువు చాలావరకు సైనిక పాఠశాలల్లోంచే వచ్చింది. కానీ అదే ఇంగ్లీషు ప్రభుత్వం 1890ల్లో మహార్లని సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. కోరేగావ్‌లో చచ్చినవాళ్ళకి స్తంభం, వాళ్ళ మనవళ్ళకి తలుపు మూత. 1941లో మహార్ పటాలం మళ్ళీ ఏర్పడేదాకా చాలావరకు అదే పరిస్థితి. చచ్చినవాణ్ణి పొగడటం సులువు బంధువులారా, ఖర్చు లేదు. బతికున్నవాళ్ళకి న్యాయం చెయ్యడం దగ్గరే అందరికీ చేతులు రావు.

(ఒక చిన్న మాట. “అమరవీరుడు” అనే మాట మనకి అలవాటైపోయింది. అమరుడంటే చావులేనివాడు. అనిచ్చం బోధించిన ధమ్మంలో అలాంటివాడు ఎవడూ లేడు. మాట మార్చమని నేను పట్టుబట్టను. నాకైతే “నేలకొరిగినవాడు” అంటేనే ఆ మనిషి కళ్ళముందు కనబడతాడు.)

అయితే ఎలా గౌరవించాలి అంటారా? పేరు చెప్పి గుర్తు చేసుకోవాలి. అతని ఇంటివాళ్ళని చూసుకోవాలి. పుణ్యానుమోదన చెయ్యాలి. అతను ఎందుకు చావాల్సి వచ్చిందో నిజం మాట్లాడాలి. అతని చావుని చూపించి ఇంకొకరి మీద పగ రాజెయ్యకూడదు.

ఇక రెండో ప్రశ్న. దీనికి మనం న్యూయార్క్ దాకా పోవాలి. అమెరికా గోల మనకెందుకు అనుకోకండి. ఇది జరిగింది కొలంబియా యూనివర్సిటీలో. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ చదువుకున్న చోటు. జాన్ డ్యూయీ, సెలిగ్‌మన్ లాంటి గురువుల దగ్గర కూర్చున్న చోటు. 1952లో ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చిన చోటు. అక్కడి లెహ్‌మన్ లైబ్రరీలో ఆయన ప్రతిమ ఉంది. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా అక్కడికి చదువుకి పోతున్నారు.

2007 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలకి ఇరాన్ అధ్యక్షుడు మహమూద్ అహ్మదీనెజాద్ న్యూయార్క్ వచ్చాడు. అప్పటికి ఇరాక్ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల లెక్క 3,700 దాటింది. ఆ సైనికుల్ని చంపుతున్న ముఠాలకి ఇరాన్ ఆయుధాలిస్తోందని అమెరికా ఆరోపణ. యూదుల మీద హిట్లర్ జరిపిన మారణహోమం నిజమేనా అని ఆయన అనుమానాలు రేపిన మనిషి కూడా. ఆయన రెండు కోరికలు కోరాడు. ఒకటి, 2001 సెప్టెంబరు 11న కూలిన జంట భవనాల చోట పుష్పగుచ్ఛం ఉంచుతానన్నాడు. పోలీసులు ఒప్పుకోలేదు. రెండోది కొలంబియాలో మాట్లాడటం. యూనివర్సిటీ ఒప్పుకుంది. సెప్టెంబరు 24న సభ.

ఊరంతా అట్టుడికింది. బయట నిరసనలు. మా పిల్లల్ని చంపేవాడికి మైకా అని సైనికుల కుటుంబాల వైపు నుంచి ప్రశ్న. నిధులు ఆపుతామని కొందరు రాజకీయ నాయకుల బెదిరింపు. ఇంకోవైపు, యూనివర్సిటీ అంటేనే వినడానికి, ప్రశ్నించడానికి కదా, మాట వినగానే పడిపోయే గోడలా మనవి, అన్నవాళ్ళు.

ఇక్కడ మనం తొందరపడి ఒక వైపు చేరకూడదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి కోపాన్ని “వాక్ స్వాతంత్య్రం తెలియని అజ్ఞానం” అని కొట్టిపారేసేవాడికి కరుణ లేదు. ఆమె అడిగేది చట్టం గురించి కాదు. నా బిడ్డ చావుకి మీ దగ్గర విలువుందా అని అడుగుతోంది. అలాగే ఆ దుఃఖం ఒక్క దేశానిదే అనుకోవడం కూడా కుదరదు. 1980 నుంచి 1988 దాకా ఇరాక్‌తో యుద్ధంలో ఇరాన్ తల్లులు లక్షల మంది బిడ్డల్ని పోగొట్టుకున్నారు. 1988 జులై 3న అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చితే 290 మంది పోయారు. జంట భవనాల మీద దాడి చేసిన 19 మందిలో ఇరాన్ వాడు ఒక్కడూ లేడు. ఆ దాడి తరవాత టెహ్రాన్‌లో జనం కొవ్వొత్తులు పట్టుకుని సంతాపం తెలిపారు. ఇరాక్‌లో భయంకర ఆయుధాలున్నాయని చెప్పి యుద్ధం మొదలుపెట్టారు, అవి దొరకలేదు. ఆ అమెరికా కుర్రాళ్ళ చావులో ఈ అబద్ధం వాటా ఎంతో కూడా అడగాలి కదా.

నా అభిప్రాయం చెబుతాను. పుష్పగుచ్ఛం వద్దనడం సబబే. సభ ఇవ్వడమూ సబబే. రెండూ ఒకటి కాదు. సమాధి దగ్గర దుఃఖంలో ఉన్నవాళ్ళది మొదటి హక్కు. అక్కడ ఎవరు పువ్వు పెట్టాలో వాళ్ళ మనసు నొప్పించి నిర్ణయించకూడదు. అక్కడ ప్రశ్నకి చోటు లేదు, జవాబుకి చోటు లేదు, ఫోటోకి మాత్రమే చోటుంది. సభ అలా కాదు. అక్కడ మాట్లాడినవాడు ప్రశ్న ఎదుర్కోవాలి.

“శత్రువుకి మాట ఇస్తే జనాన్ని చీల్చడా?” అంటారు. ఈ భయం ఊరికే వచ్చింది కాదు, మన సాహిత్యంలోనే ఉంది. మగధ రాజు అజాతశత్రు వజ్జీల మీద దండెత్తాలనుకుని తన మంత్రి వస్సకారుణ్ణి గృధ్రకూటం మీదున్న బుద్ధుని దగ్గరికి పంపాడు. తండ్రిని చంపిన రాజు, యుద్ధానికి సిద్ధమైన రాజు. అయినా ఆ మంత్రి మాట బుద్ధుడు పూర్తిగా విన్నాడు. విని, ఆనందుడి వైపు తిరిగి, వజ్జీలు కలిసి కూర్చుని చర్చిస్తున్నారా, కలిసి లేస్తున్నారా అని ఒక్కొక్కటే అడిగాడు. ఇది మహాపరినిబ్బాన సుత్తం మొదట్లోనే ఉంది. తరవాత కథ అట్ఠకథలో ఉంది. ఆ వస్సకారుడే రాజు వెళ్ళగొట్టినట్టు నటించి వైశాలి చేరాడు. వజ్జీలు నమ్మారు. వాడు సభలో నిలబడి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్కొక్కణ్ణి పక్కకి పిలిచి చెవిలో ఏదో పనికిరాని మాట అడిగి పంపేవాడు. “ఏమన్నాడు?” అని మిగతావాళ్ళు అడిగితే “ఏం లేదు” అనే జవాబు. నమ్మకం పోయింది. కొన్నేళ్ళకి భేరీ మోగిస్తే సభకి వచ్చేవాడే లేడు. అప్పుడు అజాతశత్రు వచ్చాడు.

చూశారా, వజ్జీలని కూల్చింది బహిరంగంగా అన్న మాట కాదు, చెవిలో ఊదిన మాట. అందరి ఎదుటా అంటే అందరి ఎదుటా ఖండించొచ్చు. రాత్రిపూట ఫోనుల్లో చేతులు మారే మెసేజీని ఎక్కడ నిలబడి ఖండిస్తాం? శత్రువుకి భయపడాల్సింది వాడు మైకు ముందు ఉన్నప్పుడు కాదు.

అయితే మాట స్వాతంత్య్రం గురించి గొప్పగా మాట్లాడే పెద్ద సంస్థలని మనం ఇంకో ప్రశ్న అడగాలి. ఎవరికి ఇస్తున్నారు ఆ స్వాతంత్య్రం? బాబాసాహెబ్ కొలంబియా విడిచిన మరుసటి సంవత్సరమే, 1917లో, అదే యూనివర్సిటీ ఇద్దరు ప్రొఫెసర్లని ఉద్యోగంలోంచి తీసేసింది. కాటెల్, డేనా. వాళ్ళ తప్పు యుద్ధానికి ఎదురు మాట్లాడటం. బలవంతంగా చేర్చుకున్న కుర్రాళ్ళని యూరప్ యుద్ధానికి పంపవద్దని కాటెల్ చట్టసభ సభ్యులకి ఉత్తరాలు రాశాడు, అంతే. దానికి నిరసనగా చార్లెస్ బియర్డ్ అనే చరిత్రకారుడు రాజీనామా చేశాడు. విశేషమేమిటంటే బియర్డ్ ఆ యుద్ధాన్ని సమర్థించేవాడే! తను ఒప్పుకోని మాట కోసం ఉద్యోగం వదులుకున్నాడు. అదే యూనివర్సిటీ, అదే అధ్యక్షుడు బట్లర్, 1933లో హిట్లర్ ప్రభుత్వ రాయబారి హాన్స్ లూథర్‌కి సభ ఏర్పాటు చేసి, విద్యా స్వాతంత్య్రం అన్నాడు. అధికారం ఉన్న పరాయివాడికి వేదిక, అధికారం లేని ఇంటివాడికి వాకిలి! ఇది మనకి తెలియని రుచి కాదు.

1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ బాబాసాహెబ్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఉపన్యాసం ముందే చదివి, బెదిరి, సభే రద్దు చేసుకుంది. కొంచెం మార్చమంటే ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. అదే ‘కుల నిర్మూలన’. ఆ తరవాత జరిగింది చూడండి. దాని మీద గాంధీ విమర్శ రాస్తే, 1937లో వేసిన రెండో కూర్పులో బాబాసాహెబ్ ఆ విమర్శని తన పుస్తకంలోనే అచ్చు వేసి, పక్కనే తన జవాబు పెట్టారు. తనకి వేదిక ఇవ్వనివాళ్ళ మధ్య నిలబడి, తన ప్రత్యర్థికి తన పుస్తకంలో పేజీలు ఇచ్చారు. సింహుడికి నిగంఠుల భిక్ష ఆపొద్దన్న బుద్ధుని మాట ఇక్కడ గుర్తు చేసుకోండి.

ఆయన హద్దులు లేవన్న మనిషీ కాదు. 1951లో రాజ్యాంగం మొదటి సవరణ వచ్చినప్పుడు న్యాయమంత్రి ఆయనే, పార్లమెంటులో దాన్ని సమర్థించిందీ ఆయనే. వాక్ స్వాతంత్య్రానికి పెట్టే పరిమితుల్లో “విదేశాలతో స్నేహ సంబంధాలు” అనేది ఆ సవరణతోనే చేరింది. పరిమితి “సహేతుకం”గా ఉండాలనే మాట కూడా అప్పుడే చేరింది, దానివల్లే కోర్టు అడగగలుగుతోంది. రెండూ కలిపి చదవాలి.

‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో రోహిణీ నది ఘట్టం మీకందరికీ తెలుసు. నీళ్ళ తగాదా మీద కోలియుల మీద యుద్ధం చెయ్యాలని శాక్య సంఘంలో తీర్మానం. సిద్ధార్థుడు లేచి వ్యతిరేకించాడు. సంఘం ఆయన్ని మాట్లాడనిచ్చింది. ఓట్లలో ఓడిపోయాడు. మర్నాడు సైన్యంలో చేరను అన్నాడు. అప్పుడు మొదలైంది బెదిరింపు: మీ కుటుంబాన్ని సంఘ బహిష్కారం చేస్తాం, భూములు లాక్కుంటాం అని. ఇంటివాళ్ళకి ఆ శిక్ష పడకూడదని తనే ఊరు విడిచాడు. సంఘ బహిష్కారం, భూములు లాక్కోవడం! మన వాడల్లో పెద్దవాళ్ళు ఈ రెండు మాటలు వింటే పుస్తకం చూడనక్కరలేదు. యుద్ధం వేళ ఎదురు మాట అన్నవాడికి ఏమవుతుందో బాబాసాహెబ్ అక్కడ రాసి పెట్టారు.

మళ్ళీ కొలంబియా సభకి వద్దాం. అధ్యక్షుడు లీ బోలింజర్ అతిథిని పరిచయం చేస్తూనే ఏకిపారేశాడు. కొలంబియాతో సంబంధమున్న పండితుడు కియాన్ తాజ్‌బఖ్ష్‌ని ఇరాన్‌లో జైల్లో పెట్టిన సంగతి చెప్పాడు. బహాయీల మీద అణచివేత గురించి చెప్పాడు. మా పూర్వ విద్యార్థులు సైన్యంలో ఉన్నారు, మీ ప్రభుత్వాన్ని శత్రువుగా చూసే హక్కు వాళ్ళకుంది అన్నాడు. ఇవన్నీ చెప్పాల్సినవే. ఇరాన్‌లో బహాయీ పిల్లలకి యూనివర్సిటీ తలుపులు మూసేశారు, చదువు తలుపు మూయడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? కానీ వాటితో పాటు, చిన్నబుద్ధి క్రూర నియంత లక్షణాలు నీలో ఉన్నాయని ముఖం మీద అనేశాడు, ఆయన ఇంకా నోరు తెరవకముందే. కొందరు చప్పట్లు కొట్టారు. నాకైతే ఆ ఒక్క మాట దండగ అనిపిస్తుంది. మాట నిజమై ఉండాలి, సమయానికి ఉండాలి, మెత్తగా ఉండాలి, మేలు చెయ్యాలి, మైత్రితో రావాలి అని బుద్ధుడు చెప్పిన ఐదింటిలో ఆ మాటకి ఎన్ని దక్కాయి? అతిథిని ఇలా అవమానిస్తారా, మా దేశంలో ఇలా చెయ్యం అని అహ్మదీనెజాద్ మొదలుపెట్టాడు. దొరికిందే చాలని పెద్దమనిషి వేషం కట్టాడు.

ఆయన్ని దించింది తిట్టు కాదు, ప్రశ్న. స్వలింగ సంపర్కులని మీ దేశంలో ఉరి తీస్తున్నారు కదా అని అడిగారు. మీ దేశంలో ఉన్నట్టు మా దేశంలో అలాంటివాళ్ళు లేరన్నాడు. సభంతా నవ్వింది. ఉన్న మనుషుల్ని లేరనడం! ఆ రోజు ప్రపంచానికి గుర్తున్నది ఆ జవాబే. ఎన్ని నిరసనలు చేసినా బయటపెట్టలేనిది, ఒక మామూలు ప్రశ్న వేసి, మైకు ఆయన చేతిలోనే ఉంచితే బయటపడింది.

బ్రహ్మజాల సుత్తంలో రాజగృహానికీ నలందకీ మధ్య దారిలో సుప్పియుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని తిడుతూ నడిచాడు. భిక్షువులతో బుద్ధుడన్నది ఇది: కోపం తెచ్చుకుంటే వాళ్ళన్నది నిజమో కాదో మీకు తెలుస్తుందా? తప్పు ఉంటే ఇది తప్పు, ఇది మాలో లేదు అని విప్పి చెప్పండి. అంతేగానీ, సుప్పియుడి నోరు మూయించమని చెప్పలేదు.

ఇదంతా మన విహారంలో ఏం చెయ్యాలన్నదానికి వస్తుంది. వచ్చే జనవరి 1న ఇలా చేసి చూడండి. ముందు త్రిశరణ పంచశీలాలు. తరవాత కోరేగావ్ స్తంభం మీది పేర్లు, మన మండలంలో సైన్యంలో పనిచేసి పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటి పైకి చదవండి. రెండు నిమిషాలు మౌనం. ఆ మౌనంలో నినాదాలు వద్దు, పార్టీ కండువాలు వద్దు. వాళ్ళ భార్యలో, తల్లులో వస్తే ముందు వరసలో కుర్చీ వెయ్యండి. పింఛను కాగితాలు ఎక్కడైనా ఆగిపోయి ఉంటే రాయగలిగిన కుర్రాళ్ళు అక్కడే కూర్చుని అర్జీ రాసి పెట్టండి. భోజనాలయ్యాక గంటసేపు చర్చ. “కోరేగావ్ కంపెనీ యుద్ధం, దానికి మీ పండగేమిటి?” అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళని పిలవండి. పూర్తిగా మాట్లాడనివ్వండి, మధ్యలో ఈలలు వెయ్యకండి. పైన చెప్పిన కాలేజీ పిల్లలున్నారే, మొదటి శీలం గురించి అడిగినవాళ్ళు, జవాబు వాళ్ళ చేత చెప్పించండి. మైకు ఒక్కటే ఉంటే అదే చేతులు మారనివ్వండి.

జై భీమ్. నమో బుద్ధాయ.